ముధోల్ కుక్కపిల్లను తెచ్చుకునే ముందు
అనంతపురం వైపు తోటకో గొర్రెల దొడ్డికో కాపలాగా ముధోల్ కుక్కను తెచ్చుకోవాలనుకుంటే ముందు దాని చరిత్ర తెలుసుకోండి, పెంపకం సగం అందులోనే ఉంది. ఇది కర్ణాటక బాగల్‌కోట్ జిల్లా ముధోల్‌ది (మన నిర్మల్ దగ్గరిది కాదు). అక్కడి సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే ఈ జాతిని చేరదీశారు, 2005లో తపాలా బిళ్ల మీదికెక్కింది, 2016లో సైన్యం మీరట్‌లో శిక్షణకి తీసుకుంది. తరతరాలుగా కంటితో చూసి వేటని తరిమిన జాతి కాబట్టి రోజంతా గొలుసుకి కట్టేస్తే పాడైపోతుంది, పొద్దున్నే ఖాళీ చేలల్లో పరుగెత్తించాల్సిందే. కుందేలు, జింక వెంట మాత్రం వదలొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. సన్నగా ఉందని టెన్షన్ పడి అదే పనిగా మేపకండి, దాని ఒళ్ళే అంత. తిన్న వెంటనే పరుగు వద్దు. మూడు నెలలకి రేబిస్ టీకా. కొనేటప్పుడు తల్లిని చూపించమని అడగండి, చూపించకపోతే వద్దనేయండి.