బ్రాక్ రేవు చిత్రాన్ని తైలవర్ణాల్లో అభ్యసించేటప్పుడు ఎదురయ్యే సమస్యలు

క్యూబిజం శైలికి ఆద్యుల్లో ఒకడైన ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ బ్రాక్ 1909లో వేసిన నార్మండీ రేవు చిత్రం ఇప్పుడు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దీపస్తంభాలున్న రెండు అడ్డుకట్టల మధ్య నుంచి రెండు తెరచాప పడవలు లోపలికి వస్తుంటాయి. ఆకాశమూ నీరూ కూడా పడవల్లాగే పలకలుగా విరిగి ఉంటాయి. రంగులు కొద్ది, అంచులు అనేకం కనుక తైలవర్ణాలు నేర్చుకునేవారికి ఇంతకు మించిన పాఠం అరుదని నా అభిప్రాయం.

సమస్య: పలకలన్నీ రంగుటద్దాల కిటికీ ముక్కల్లా విడివిడిగా కనిపిస్తాయి.

కారణం: ప్రతి పలకనూ నల్లని గీతతో నాలుగువైపులా మూసి, లోపల ఒకే రంగు నింపడం. బ్రాక్ అలా చేయలేదు. పలకకు ఒక అంచు పదునుగా నిలిస్తే, మరో అంచు పక్క పలకలోకి కరిగిపోతుంది. అతనికి ముందుతరం చిత్రకారుడు సెజాన్ నుంచి వచ్చిన ఈ పద్ధతిని ఫ్రెంచివారు 'పాసాజ్' అంటారు. ఈ చిత్రానికి ప్రాణం అదే.

పరిష్కారం: బొగ్గుతో గీసేటప్పుడే ప్రతి పలకకూ ఒక వైపు తెరిచి ఉంచండి. పదునైన అంచు దగ్గర ముదురు ఛాయ వేసి, ఎదుటి అంచుకు చేరేసరికి లేతగా మార్చండి. రంగు తడిగా ఉండగానే ఆ లేత అంచు మీదుగా పొడి కుంచెను తేలికగా ఒకటి రెండుసార్లు లాగండి. రంగు ఆరిపోయి ఉంటే, రెండు పలకలకూ మధ్యస్థమైన ఛాయను పలుచగా రుద్దినా అంచు మెత్తబడుతుంది. గీతలు తిన్నగా రావాలని టేపు అంటించవద్దు. మొదట్లో నేను అదే చేశాను. బొమ్మ యంత్రం కోసినట్టు బిగుసుకుపోయింది.

సమస్య: బూడిద ఛాయలు బురదగా మారతాయి.

కారణం: ఆరని పక్క రంగు కుంచెకు అంటుకోవడం, లేదా నలుపూ తెలుపూ మాత్రమే కలిపి బూడిద రంగు చేయడం.

పరిష్కారం: అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), తెలుపు కలిపి, ముదురు, మధ్యమ, లేత అనే మూడు ఛాయలను కత్తితో ముందుగానే సిద్ధం చేసుకోండి. నీలం పెంచితే చల్లని బూడిద, సియెన్నా పెంచితే వెచ్చని బూడిద వస్తుంది. ముదురు ఛాయలకూ లేత ఛాయలకూ వేర్వేరు కుంచెలు వాడండి.

సమస్య: ఆరిన తరువాత కొన్నిచోట్ల మెరుపు పోతుంది.

కారణం: గెస్సో (రంగులు వేయకముందు కాన్వాసుకు పూసే తెల్లని అడుగుపూత) లేదా కింది పొర నూనెను పీల్చేసుకోవడం.

పరిష్కారం: తాకితే అంటనంతగా ఆరాక, అవిసె నూనెను గుడ్డతో అతి పలుచగా రాసి, మిగులును తుడిచేయండి. ఆ గుడ్డను ఉండగా చుట్టి పడేస్తే దానంతటదే అంటుకోగలదు. నీటిలో తడిపి, మూతగల డబ్బాలో ఉంచాలి.

సమస్య: పై పొరలో పగుళ్లు.

కారణం: నెమ్మదిగా ఆరే పొర మీద త్వరగా ఆరే పొర వేయడం.

పరిష్కారం: పగిలినచోటును గీకి తిరిగి వేయాలి. ఈసారి మొదటి పొరను టర్పెంటైన్‌తో పలుచన చేసిన గోధుమ రంగు అంబర్‌తో వేసి, పైకి వెళ్లేకొద్దీ నూనె పెంచండి. ఐవరీ బ్లాక్ అనే నలుపు రంగు చాలా ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి దాన్ని అడుగున మందంగా వాడవద్దు.