కరెంటు ఎటు పోతోందో మీటరు దగ్గరే పట్టుకోవడం ఎలా?

బిల్లు ఎక్కువొచ్చిందని కొత్త ఫ్రిజ్ కొనేసేవాళ్లు మా శ్రీకాకుళంలో చాలామంది. కరెంటు ఎటు పోతోందో చూడకుండా కొంటే బిల్లుకి ఈఎంఐ తోడవుతుంది. ప్లగ్గులో పెట్టే ‘పవర్ సేవర్’ డబ్బా సంగతి అడగొద్దు. ఇంటి బిల్లు వేసేది యూనిట్లకి, ఆ డబ్బా యూనిట్లను తగ్గించదు.

ఫోన్, పెన్ను, కాగితం చాలు. మీటరు మీద యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3200 ఉంటే, ఎర్ర లైటు రెండు మిణుకుల మధ్య సెకన్లు లెక్కపెట్టి, వాటితో 1125ను భాగించండి. వచ్చేది వాట్లు. మిగతావి ఆపి, ఒక్కో వస్తువూ వేసి చూసి రాసుకోండి.

దీని తర్వాత అన్నీ ఆపి, అయినా కరెంటు పోతోందేమో చూడాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. టీవీని రిమోట్‌తో ఆపితే ఆపినట్టు కాదు, ప్లగ్ తీయాలి. ఫ్రిజ్ మోటారు కాసేపు ఊరుకుని మళ్లీ తిరుగుతుంది కాబట్టి దాని ప్లగ్ కూడా తీయాల్సిందే. ఇన్వర్టరు ఛార్జింగు లాగుతూనే ఉంటుంది, దానికొచ్చే లైను ఆపండి. అయితే మెయిన్ కట్టేసినా ఇన్వర్టరు వైర్లలో కరెంటు ఉంటుంది, వేలు పెట్టొద్దు. తడి కాళ్లతో అసలు వద్దు.

ఇప్పుడు ఐదు నిమిషాలు కదలకుండా మీటరు చూడండి. లైటు ఆరిపోయినా, వెలిగి అలాగే నిలిచినా మంచిదే. పదకొండు సెకన్లకోసారి మిణికితే మాత్రం సుమారు వంద వాట్లు ఊరికే పోతున్నట్టు. నెలకు 72 యూనిట్లు! అదీ పై స్లాబులో, ఖరీదైన రేటుకి.

మిణుకుతుంటే, మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకీ ఉండే స్విచ్చులు, అంటే ఎంసీబీలు, ఒక్కొక్కటే దించండి. ఏది దించితే మిణుకు ఆగుతుందో ఆ లైన్లోనే తేడా. ఎక్కువసార్లు బోరు మోటారు కేబులో, వానకి నానిన గోడలోని స్విచ్‌బోర్డో దొరుకుతుంది. విప్పే పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. మెయిన్ దించినా మిణికితే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, మీటరు సీలు జోలికి పోవద్దు.

గీజరు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పదిహేను లీటర్ల నీళ్లు పాతిక డిగ్రీలు వేడెక్కడానికి అర యూనిట్ కూడా పట్టదు. బిల్లు పెరిగేది దాన్ని పొద్దంతా ఆన్‌లో ఉంచడం వల్ల. థర్మోస్టాట్ యాభై దగ్గర పెట్టి, స్నానానికి ముందు వేసి, అయ్యాక ఆపేయండి. సలసలా కాచి చన్నీళ్లు కలుపుకోవడం ఏం తెలివో! బకెట్లో పెట్టే రాడ్ కరెంటు ఎక్కువ తినదు, నిజమే. అయినా మా ఇంట్లోకి రానివ్వను, పిల్లలున్న ఇల్లు.