మన ఇంటి వైఫై మనమే చూసుకుందాం – మూడో పాఠం: రూటర్‌లోకి లాగిన్ అవ్వడం

రెండు పాఠాల్లో డబ్బా, అదే రూటర్, దాని మీద ఏ లైటు ఏటి చెప్తాదో, ఫైబర్ వైరు ఎక్కడ దూరుతాదో, ఇంట్లో డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో చూసాం కదా, ఈ రోజు డబ్బా లోపలికి వెళ్దాం. ఇప్పటికీ శ్రీకాకుళం టౌన్లో గాని, ఆమదాలవలస, నరసన్నపేట, పలాస ఎటు చూసినా గాని, కనెక్షన్ ఇచ్చిన కుర్రోడు వస్తాడు, డబ్బా గోడకి కొడతాడు, మీ ఫోన్ నంబరే వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టీసి వెళ్ళిపోతాడు, ఆ తర్వాత ఏళ్ళు గడిచినా ఆ ఇంట్లో ఒక్కరు కూడా లోపలికి తొంగి చూడరు. నెలనెలా డబ్బులు కట్టేది మనం, అందులోంచి బ్యాంకు పనులు చేసుకునేది మనం, మరి దాని తాళాలు మన చేతిలో ఉండొద్దా? ఈ పాఠం అయ్యేసరికి ఉండాలి, నేను కోరుకునేది అదే.

కావాల్సింది ఒక ఫోనో లాప్‌టాపో, అంతే. ఫోన్‌లో అయితే ముందు మీ ఇంటి వైఫైకి కనెక్ట్ అయ్యి మొబైల్ డేటా ఆపీయండి. ఇది చాలామంది వదిలేస్తారు. వైఫైలో నెట్ రాకపోతే కొన్ని ఫోన్లు మనకి చెప్పకుండా సిమ్ డేటాకి మారిపోతాయి, అప్పుడు మీరు ఎన్నిసార్లు కొట్టినా రూటర్ పేజీ తెరుచుకోదు, అడ్రస్ తప్పేమో అని తల పట్టుకుని కూర్చుంటారు.

ఇప్పుడు అడ్రస్, అంటే రూటర్ పేజీ తెరవడానికి బ్రౌజర్‌లో కొట్టే నంబరు. ఎక్కువ డబ్బాలకి 192.168.1.1 గాని 192.168.0.1 గాని ఉంటాది, జియో ఫైబర్ డబ్బాలకి 192.168.29.1. ఊహించడం ఎందుకు, మీ ఫోన్‌నే అడగండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, వైఫై, మీ నెట్‌వర్క్ పేరు పక్కన ఉన్న చక్రం గుర్తు నొక్కి కిందికి వెళ్తే గేట్‌వే అని ఒక నంబరు కనిపిస్తాది, ఐఫోన్‌లో అయితే నెట్‌వర్క్ పేరు పక్కన ఐ అక్షరం గుర్తు నొక్కితే రూటర్ అని రాసి ఉంటాది, విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టి ఎంటర్ నొక్కితే డిఫాల్ట్ గేట్‌వే అన్న లైన్లో వస్తాది. ఏ దారిలో వెళ్ళినా నంబరు ఒకటే. అది కాగితం మీద రాసుకోండి.

ఆ నంబరుని బ్రౌజర్ పైన అడ్రస్ పట్టీలో కొట్టాలి, గూగుల్ సెర్చ్ పెట్టెలో కాదు. ఇది గట్టిగా చెప్తన్నాను ఎందుకంటే రూటర్ లాగిన్ అని వెతికితే వచ్చే పేజీల్లో కస్టమర్ కేర్ పేరుతో నంబర్లు పెట్టుకుని కూర్చున్న మోసగాళ్ళు ఉంటారు, ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఫలానా యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి అని మొదలెడతారు. మీ రూటర్ పేజీ మీ ఇంట్లో డబ్బాలోనే ఉంది, దానికోసం బయట ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. పేజీ తెరిచినప్పుడు నాట్ సెక్యూర్ అని బ్రౌజర్ హెచ్చరిస్తే కంగారు పడకండి, ఇంట్లో డబ్బాకి వెబ్‌సైట్లకి ఉండే సర్టిఫికెట్ ఉండదు కాబట్టి అలగ చూపిస్తాది. అయితే పైన ఉన్న అడ్రస్ ఇందాక మీరు రాసుకున్న నంబరేనా కాదా అన్నది ఒకసారి చూసుకోండి.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌటు, మా ఇంట్లోనూ 192.168.1.1, పక్కింట్లోనూ అదే, కలిసిపోవా అని. కలవవు. 192.168తో మొదలయ్యే నంబర్లన్నీ ఇళ్ళూ ఆఫీసుల లోపల వాడుకోడానికని 1996లోనే నిబంధన రాసి పక్కన పెట్టారు, అవి బయట ఇంటర్నెట్‌లో తిరగవు, మీ గోడల లోపలే చెల్లుతాయి. దీనివల్ల ఇంకో లాభం ఉంది, బయట నెట్ లేకపోయినా లాగిన్ పేజీ వస్తాది. మన వైపు ఇది చిన్న విషయం కాదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం అంతా కరెంటు స్తంభాలు పడిపోయాయి, మనకి ఫైబర్ కూడా చాలా చోట్ల ఆ స్తంభాల మీద నుంచే కదా వచ్చేది. గట్టిగా గాలి వేసిన మర్నాడు కరెంటు వచ్చి డబ్బా వెలిగి నెట్ మాత్రం రాకపోతే లోపలికి లాగిన్ అయ్యి స్టేటస్ పేజీ చూడండి, పేజీ వచ్చిందంటే మీ డబ్బా బాగానే ఉన్నట్టు, ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంటోందంటే వైరులోంచి వెలుగు రావట్లేదన్నమాట. అప్పుడు ఫోన్ చేసి మా ఇంట్లో డబ్బా బాగుంది, లైన్ చూడండి అని చెప్పొచ్చు, వాళ్ళు రీస్టార్ట్ చేయండి రీస్టార్ట్ చేయండి అని తిప్పక్కర్లేదు.

పేజీ తెరిచాక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతాది. డబ్బా తిరగేస్తే కింద స్టిక్కర్ మీద ఉంటాయి, ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి కాబట్టి ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవండి. స్టిక్కర్ మీద రెండు పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, ఒకటి వైఫైది, ఇంకోటి లాగిన్‌ది. పాత డబ్బాల్లో యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. కొత్తవి కొన్ని మొదటిసారి తెరవగానే మీరే ఒకటి పెట్టుకోండి అంటాయి. ఏదీ పనిచేయకపోతే పెట్టినవాళ్ళు మార్చేసి ఉంటారు, ఆపరేటర్‌కి ఫోన్ చేసి అడగండి, మొహమాటం వద్దు. ఊరికే ఊహించి పది రకాలు కొట్టకండి, కొన్ని డబ్బాలు నాలుగైదు తప్పులకే కాసేపు తలుపు మూసేస్తాయి.

లోపలికి వచ్చారు కదా. ఏదీ ముట్టుకోకుండా ముందు ప్రతి పేజీకి ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఏదైనా మారిపోతే చూసుకోడానికి అదే దిక్కు.

ఇప్పుడు మొదటి పని లాగిన్ పాస్‌వర్డ్ మార్చడం, వైఫై పాస్‌వర్డ్ తర్వాత. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, కొందరికి అసలు ఇవి రెండు వేరు అనే తెలీదు. వైఫై పాస్‌వర్డ్ వీధి గుమ్మం తాళం లాంటిది, చుట్టాలొస్తే ఇస్తాం, పిల్లల ఫ్రెండ్స్‌కి ఇస్తాం. లాగిన్ పాస్‌వర్డ్ బీరువా తాళం. అది అడ్మిన్ అనే ఉండిపోతే సంక్రాంతికి వచ్చి వైఫై అడిగిన ఏ కుర్రోడైనా మీ సోఫాలో కూర్చునే లోపలికి వెళ్ళి మీ వైఫై పేరు మార్చగలడు, మీరు బ్యాంకు పేరు కొడితే వేరే పేజీకి పోయేలాగ డీఎన్ఎస్, అంటే వెబ్‌సైట్ పేరు కొడితే దాని నంబరు వెతికి చెప్పేది, అది కూడా మార్చగలడు. బయటివాళ్ళ సంగతి ఇంకా ఘోరం. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ కంపెనీలు పెట్టిన ఇలాంటి పాస్‌వర్డ్‌లు అరవై రకాల దాకా పట్టుకుని ఊరూరా కెమెరాల్లోకి రూటర్లలోకి దూరిపోయింది, ఆ ఏడాది అక్టోబర్ 21న వాటన్నిటితో కలిపి చాలా వెబ్‌సైట్లకి ఆ డీఎన్ఎస్ పని చేసిపెట్టే డైన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ ఇళ్ళ వాళ్ళు ఎవరూ ఏ తప్పూ చేయలేదు, పాస్‌వర్డ్ మార్చలేదంతే.

ఎక్కడ మార్చాలి అంటే సిస్టమ్ టూల్స్, మేనేజ్‌మెంట్, అడ్మినిస్ట్రేషన్ ఇలగ కంపెనీకో పేరుతో ఒక మెనూ ఉంటాది, అందులో పాస్‌వర్డ్ అనో అకౌంట్ అనో చూడండి. కొత్తది కాగితం మీద రాసి గేస్ బుక్కో రేషన్ కార్డో పెట్టుకునే చోట పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదంటారు గాని ఇంటి రూటర్‌కి ఆ మాట వర్తించదు, మన ఇంట్లోకి వచ్చి కాగితం వెతికేవాడి గురించి కాదు మన భయం.

తర్వాత వైఫై పాస్‌వర్డ్. వైర్‌లెస్ అని గాని డబ్ల్యూలాన్ అని గాని ఉన్న పేజీలో ఉంటాది. 2.4, 5 అని రెండు ఉంటే రెండింటిలోనూ మార్చాలి. కనీసం 8 అక్షరాలు, గరిష్ఠం 63. ఫోన్ నంబర్ పెట్టకండి, దయచేసి. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం కలిపి 400 కోట్ల అవకాశాలే. వినడానికి పెద్ద సంఖ్యే గాని, మీ ఇంటి బయట నిలబడి ఒక్కసారి మీ ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యే సిగ్నల్ పట్టుకున్నవాడు ఇంటికెళ్ళి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లో పెడితే కొన్ని గంటల పని. పైగా వీధిలో అందరి దగ్గరా మీ నంబర్ ఉంది కదా, వాడికి ఆ కష్టం కూడా అక్కర్లేదు. దానికి బదులు ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టండి, జీడిపిక్క, గొడుగు, మంగళవారం, నిచ్చెన, ఇలగ. ఇవే పెట్టీకండి, మీవి మీరు వెతుక్కోండి. పొడుగ్గా ఉంటాది, మీకు గుర్తుంటాది, పక్కవాడికి తట్టదు.

అదే పేజీలో సెక్యూరిటీ అని ఉన్నచోట డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని ఎంచుకోండి, ఇవన్నీ వైఫై సిగ్నల్‌కి తాళం వేసే పద్ధతుల పేర్లు. డబ్ల్యూపీఏ3 కూడా కలిపి ఉన్నది దొరికితే అదే పెట్టండి. డబ్ల్యూఈపీ అని కనిపిస్తే అది 1997 నాటిది, నిమిషాల్లో విరిగిపోద్ది, వద్దు. టీకేఐపీ కూడా వద్దు, దానితో భద్రతా తక్కువ, స్పీడు కూడా 54 ఎంబీపీఎస్ దాటదు. సేవ్ నొక్కగానే ఇంట్లో అన్నిటికీ కనెక్షన్ పోద్ది, టీవీ, ఫోన్లు, కెమెరా అన్నీ కొత్త పాస్‌వర్డ్‌తో మళ్ళీ కలుపుకోవాలి. అందుకని ఎవరూ క్రికెట్ చూడని టైమ్ చూసుకోండి.

ఇంక అందరూ ఎదురుచూసే విషయం. పలాసలో మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, "ఒరే, పక్కింటోళ్ళు మన వైఫై వాడేస్తన్నారేటిరా, సీరియల్ ఆగి ఆగి వస్తంది" అని. చూడడం ఎలగంటే, కనెక్టెడ్ డివైసెస్ అనో డీహెచ్‌సీపీ క్లయింట్ లిస్ట్ అనో ఉన్నచోట నొక్కితే డబ్బా నుంచి నంబరు తీసుకున్న వస్తువులన్నీ వస్తాయి. పేరు తెలియనిది కనిపించగానే దొంగ అనుకోకండి, పిన్ని ఇంట్లో అలగ కనిపించిన కొత్త పేరు వాళ్ళ టీవీదే. ప్రతి వస్తువుకీ మ్యాక్ అని పన్నెండు అక్షరాల గుర్తు ఉంటాది, మామూలుగా దాని ముందు ఆరు తయారుచేసిన కంపెనీని చెప్తాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు గుర్తు దాచి ఒక ఉత్తుత్తి గుర్తు ఇస్తున్నాయి, అందులో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ వీటిలో ఒకటి ఉంటాది, అలగుంటే అది ఎవరిదో ఫోన్ అయ్యుండొచ్చు, కంపెనీ పేరు మాత్రం తెలీదు. ఖాయంగా తేల్చాలంటే ఇంట్లో ఒక్కో ఫోన్‌కీ టీవీకీ వైఫై ఆపుకుంటూ వెళ్ళి పేజీ మళ్ళీ తెరిచి చూడండి. కొన్ని డబ్బాలు వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కూడా కొంతసేపు ఉంచుతాయి కాబట్టి కాసేపు ఆగి చూడాలి. మీరు పేజీ చూస్తున్నది తప్ప అన్నీ ఆపాక కూడా ఇంకెవరైనా మిగిలితే పక్కింటికి వెళ్ళి గొడవ పెట్టుకోవడం ఎందుకు, వైఫై పాస్‌వర్డ్ మార్చీయండి, తెగిపోద్ది.

వెళ్ళే ముందు రెండు ఆపీయండి. ఒకటి డబ్ల్యూపీఎస్ పిన్, అంటే వైఫై పాస్‌వర్డ్ బదులు కొట్టి కనెక్ట్ అయ్యే నంబరు, అది ఎనిమిది అంకెలే అయినా డబ్బా దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తాది కాబట్టి 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోద్దని 2011లోనే బయటపడింది. రెండోది రిమోట్ మేనేజ్‌మెంట్, ఇంటి బయట నుంచి లాగిన్ అవ్వడం మనకి అక్కర్లేదు. ఆపరేటర్ బిగించిన డబ్బాలో ఈ రెండోది మీకు కనిపించకపోవచ్చు, వాళ్ళు తాళం వేసుంటారు, వదిలీయండి.

ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. వాన్, పీపీపీఓఈ, వీలాన్ అని ఉన్న పేజీలు చూడండి, ఫోటో తీయండి, మార్చకండి. ఆపరేటర్ మీకిచ్చిన యూజర్ ఐడీ అక్కడే ఉంటాది, అది పోతే మళ్ళీ మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు. డబ్బా వెనక చిన్న కన్నంలో ఉండే రీసెట్ కూడా అంతే, పిన్నీసుతో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే ఇప్పటిదాకా పెట్టుకున్నవన్నీ చెరిగిపోతాయి, వాటితో పాటు ఆ ఐడీ కూడా. పిల్లలకి ఆ కన్నం చూపించకండి. పని అయ్యాక లాగౌట్ నొక్కి బయటికి రండి.

వచ్చే పాఠంలో 2.4, 5 అన్నవాటి తేడా, ఛానెళ్ళు, పెంకుటింటి మందపాటి గోడల్లో సిగ్నల్ ఎందుకు తగ్గుతాదో చూద్దాం. దానికోసం ఈ వారం మీరు ఒక పని చేయండి, ఫోన్ పట్టుకుని వీధి గది, వంటగది, పెరడు, మేడ మీద తిరిగి ఒక్కోచోట వైఫై గీతలు ఎన్ని ఉన్నాయో, ఏ చోట వీడియో ఆగుతోందో ఆ పాస్‌వర్డ్ కాగితం వెనకాలే రాసి ఉంచండి.