రెండో విండో తెరిచే ముందు

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ హాస్టల్ కుర్రాళ్లు పైథాన్‌లో విండోలు తయారుచేసే టికింటర్‌తో మొదటి విండో బాగానే తెప్పిస్తారు. టెన్షన్ అంతా రెండోదానితోనే. ప్రోగ్రామును వేర్వేరు ఫైళ్లుగా ముక్కలు చేసే ముందు ఇవి చూసుకోండి.

□ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పక్కన పెట్టండి.

□ మీ ఫైలుకు రాండమ్, టికింటర్ లాంటి పేర్లు వద్దు. పైథాన్ ఆ పేరుతో ఉన్న అసలు మాడ్యూల్‌ను (రెడీమేడ్ కోడ్‌ను) వదిలేసి మీ ఫైలునే ఎత్తుకుంటుంది.

□ మెయిన్ విండోను తెరిచే 'టీకే' ప్రోగ్రాము మొత్తానికి ఒక్కటే. మిగతా విండోలన్నీ టాప్‌లెవెల్‌తో తెరవాలి. రెండో టీకే పెట్టినా విండో చక్కగా కనిపిస్తుంది, అందుకే తప్పు దొరకదు. కానీ టైపు చేసింది దాచుకునే స్ట్రింగ్‌వార్‌కు మాస్టర్ (అది ఏ విండోకు చెందిందో) చెప్పకపోతే, ఆ రెండో విండోలో టైపు చేసింది అందులోకి చేరదు, చదివితే ఖాళీ. దీని వెనక నాకో ఆదివారం పోయింది. కింద మెస్‌లో బిసిబేళే బాత్ కూడా అయిపోయింది.

□ రెండు విండోలూ వాడే లెక్కలు మూడో ఫైలులో ఉంచండి. ఆ మూడో ఫైలు మాత్రం విండోల ఫైళ్లను ఇంపోర్ట్ చేయకూడదు (అంటే వాటి కోడ్‌ను తనలోకి తెచ్చుకోకూడదు). ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటే తరచూ మొదట్లోనే ఎర్రర్ వస్తుంది.

□ మారుతూ ఉండే విలువను వేరే ఫైలు నుంచి 'ఫ్రమ్ … ఇంపోర్ట్'తో విడిగా తెచ్చుకోకండి. అవతల కొత్త విలువ పెట్టినా ఇక్కడ పాతదే కనిపిస్తుంది. మాడ్యూల్ పేరుతో కలిపే పిలవండి.

□ మెయిన్ విండోను కాసేపు దాచాలంటే విత్‌డ్రా వాడండి. డిస్ట్రాయ్ వాడితే మిగతా విండోలూ దాంతోపాటే పోతాయి.