స్టార్టప్ ఇంటర్వ్యూకి వారం రోజుల్లో సిద్ధం కావడం ఎలా?

ఇంటర్వ్యూ మెయిల్ రాగానే చాలామంది నెట్‌లో ప్రశ్నల జాబితా వెతికి జవాబులు బట్టీపడతారు. పెద్ద ఐటీ కంపెనీల క్యాంపస్ సెలక్షన్లకు అది కొంత పనికొస్తుంది. ఇరవై మంది పనిచేసే స్టార్టప్‌లో మాత్రం నిలబడదు. అక్కడ ఎదురుగా కూర్చునేది చాలాసార్లు కంపెనీ పెట్టినవాళ్లే. సోమవారం చేరితే మీ చేతికి ఏ పని అప్పగించొచ్చో వాళ్లు అంచనా వేసుకుంటారు. అందుకే ఉన్న వారంలో సగం సమయం వాళ్ల ప్రొడక్ట్ మీదే పెట్టండి.

ముందు కంపెనీ అసలుదో కాదో చూసుకోండి. యాప్ పేరు ఒకటి, రిజిస్టరైన పేరు ఇంకొకటి ఉంటుంది. వెబ్‌సైట్ అడుగున "ప్రైవేట్ లిమిటెడ్" అని ఉన్న పేరు తీసుకుని, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో వెతికితే ఏ తేదీన రిజిస్టరైందో, చెల్లించిన మూలధనం ఎంతో తెలుస్తుంది. లాప్‌టాప్ డిపాజిట్ అనో, ట్రైనింగ్ ఫీజు అనో డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు, మోసం. ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి.

ఇక ప్రొడక్ట్. మామిడి రైతుల్ని పల్ప్ ఫ్యాక్టరీలతో కలిపే యాప్ ఒకటి ఉందనుకుందాం. దాన్ని మీ ఫోన్లోనే కాదు, ఇంట్లో నాయన వాడే పాత ఫోన్లోనూ వేసి చూడండి. ఓటీపీ రావడానికి ఎంతసేపు పట్టింది, తెలుగు ఎంచుకున్నాక ఏ స్క్రీన్లో మళ్లీ ఇంగ్లీషు వచ్చింది, సిగ్నల్ పోతే నింపిన వివరాలు మిగిలాయా పోయాయా అన్నవి స్క్రీన్‌షాట్లతో సహా రాసుకోండి. మీది చిత్తూరు వైపైతే, కాయ సీజన్లో ఒక పొద్దున దామలచెరువు మామిడి మండీకి పోయి రండి. తోతాపురి కాయకి ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, తూకంలో ఎంత తీసేస్తున్నారు, డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తోంది అని నలుగురు రైతుల్ని అడగండి. పంటకు ముందే మండీ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్న రైతుకి యాప్‌లో కిలోకి రెండు రూపాయలు ఎక్కువ చూపించినా, కాయను అటు తోలే వీలుండదు. బెంగళూరు ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఈ సంగతి తెలియకపోవచ్చు. మీకు తెలుసు. చిత్తూరు జిల్లా అభ్యర్థికి ఇంతకంటే బలమైన ఆయుధం లేదు.

చూసినదాన్ని ఒకే పేజీలో పెట్టండి: మూడు గమనికలు, ఒక మార్పు, ఆ మార్పు పనిచేస్తుందో లేదో తేల్చే చిన్న పరీక్ష. తప్పు జరిగేది చెప్పే తీరులోనే. "మీ యాప్ బాగాలేదు" అంటే కట్టినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది, మీకు వచ్చే లాభమూ లేదు. "పాత ఫోన్లో ఫొటో అప్‌లోడ్ రెండుసార్లు ఆగిపోయింది. పంపేముందు ఫోన్లోనే ఫొటో సైజు తగ్గిస్తే సరిపోవచ్చు, 20 మంది రైతులతో ఒక వారం చూడొచ్చు" అని చెప్పండి. మిగతా గంట సంభాషణ దీని చుట్టూనే నడిచే అవకాశం ఎక్కువ.

తర్వాత మీ ప్రాజెక్టులు. మన వాడుకలో "మేం చేశాం" అనడం మర్యాద. ఇంటర్వ్యూలో అదే ఇబ్బంది తెస్తుంది, ఎందుకంటే నలుగురి టీంలో మీ వాటా ఏదో వాళ్లకి అర్థం కాదు. "డేటాబేస్ నేను రాశాను, స్క్రీన్లు మా ఫ్రెండు చేశాడు" అని విడదీసి చెప్పండి. ఎక్కడ చెడింది, ఎలా పట్టుకున్నారు, ఎంత బాగుపడింది అన్నవి అంకెలతో చెప్పాలి. ప్రాజెక్టులు అమ్మే సెంటర్లో కొన్నదైతే రెజ్యూమెలోంచి తీసేయండి. "ఈ లైబ్రరీయే (సిద్ధంగా దొరికే కోడ్) ఎందుకు తీసుకున్నారు?" అన్న రెండో ప్రశ్నకే దొరికిపోతారు. దాని బదులు మీరే రెండు రోజుల్లో కట్టిన చిన్న పని చాలా మేలు. లింకులు పంపేముందు వేరే మెయిల్‌లో తెరిచి చూడండి. గూగుల్ డ్రైవ్ ఫైలుకి పర్మిషన్ ఇవ్వకపోవడం తరచూ జరిగే పొరపాటు, అవతలివాళ్లు రెండోసారి అడగరు.

ఇంగ్లీషు గురించి భయం ఉంటే ఒక పద్ధతి. మీ పరిచయాన్ని ముందు తెలుగులో చెప్పి ఫోన్లో రికార్డు చేయండి. అదే విషయాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో, 90 సెకన్లలో చెప్పండి. రోజుకి ఐదుసార్లు, నాలుగు రోజులు. కాగితం చూసి చదవద్దు, చదివితే గొంతులో తెలిసిపోతుంది.

ఇంటి దగ్గర చేసే అసైన్‌మెంట్ ఇస్తే ఎన్ని గంటల్లో ముగించాలో ముందే అడగండి. పూర్తికాని భాగం ఏదో, ఇంకా సమయముంటే ఏం చేసేవాళ్లో కింద నాలుగు వాక్యాలు రాస్తే చాలు. వారం రోజుల అసలు పనిని ఉచితంగా చేయమంటే, దాన్ని చిన్నది చేయమని మర్యాదగా అడగడం తప్పు కాదు.

వీడియో కాల్ అయితే కరెంటు పోయినా నడిచేలా ఫోన్ హాట్‌స్పాట్ ముందురోజే పరీక్షించండి. బట్టలకి ఉతికిన చొక్కా చాలు, టై అక్కర్లేదు. బెంగళూరు వెళ్లాల్సివస్తే తిరుపతి నుంచి దాదాపు 250 కిలోమీటర్లు. పదింటి ఇంటర్వ్యూకి ఆ తెల్లవారుజాము బస్సు నమ్ముకోవద్దు, ముందురోజే చేరండి. బస్సు చిత్తూరు, కోలారు మీదుగా పోతుంది కాబట్టి ఆఫీసు వైట్‌ఫీల్డ్ వైపైతే కేఆర్ పురంలోనే దిగండి, ఊరి మధ్యలోని మెజెస్టిక్ బస్టాండు దాకా పోతే వెనక్కి రావడానికే చాలాసేపు పడుతుంది. సెలవులకీ, బ్రహ్మోత్సవాలకీ తిరుపతి బస్సులు, రైళ్లు కిటకిటలాడతాయి, తేదీ తెలిసిన రోజే టికెట్ తీసుకోండి.

చివరి రౌండులో మీరూ అడగాలి. "బ్యాంకులో ఉన్న డబ్బు ఎన్ని నెలలకి సరిపోతుంది?" అన్నది న్యాయమైన ప్రశ్న. 3 కోట్లు ఉండి నెలకి 25 లక్షలు తరుగుతుంటే ఏడాది. షేర్ ఆప్షన్లు (కంపెనీ షేర్లను ముందే ఖాయం చేసిన ధరకి కొనుక్కునే హక్కు) ఇస్తామంటే మొత్తం షేర్లెన్నో అడగండి: 10 లక్షల్లో 1,000 అంటే 0.1 శాతమే. సాధారణంగా అవి నాలుగేళ్లలో చేతికొస్తాయి, ఏడాది నిండకముందే మానేస్తే ఏమీ రాదు.

జీతం లెక్క కూడా అక్కడే తేల్చుకోండి. ఏడాదికి 6 లక్షల సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకి 50,000. అందులో బేసిక్ (మూల వేతనం) 25,000 అయితే కంపెనీ వాటా పీఎఫ్ 3,000, గ్రాట్యుటీ సుమారు 1,200 అందులోంచే పోతాయి. మీ వాటా పీఎఫ్ 3,000, వృత్తి పన్ను 200 పోగా చేతికొచ్చేది దాదాపు 42,600. అందులో 5,000 "వేరియబుల్ పే" (పనితీరును బట్టి ఇచ్చేది) అయితే ఖాయంగా వచ్చేది 37,600 మాత్రమే. బెంగళూరులో గది అద్దె ఈ అంకెలోంచే కట్టాలి. ఇవన్నీ ఆఫర్ లెటర్లో అక్షరాలా ఉన్నాకే ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి.