చీలమండ రోబోతో (పాదాన్ని పైకీ కిందికీ వంచి, ఆ కోణాన్ని చూపే యంత్రం) కొలతకు ముందు జాగ్రత్తలు

– పిక్కలో కొత్తగా వాపు, వేడి, నొప్పి ఉంటే ఆ రోజు కొలత వద్దు. రక్తం గడ్డ కట్టలేదని డాక్టర్ తేల్చాకే మొదలుపెట్టాలి.

– ఎమర్జెన్సీ స్టాప్ బటన్ పనిచేస్తోందా? నొక్కి చూసి, రోగి చేతికే ఇవ్వండి. టెన్షన్ చాలా తగ్గుతుంది.

– చీలమండకు రెండు వైపులా ఉన్న ఎముక గుబ్బలు యంత్రం ఇరుసుకు సూటిగా రావాలి. మడమ లేచిందంటే తెర మీద కనిపించే కోణం పాదానిది కాదు. పట్టీలు బిగించాక ఇంకోసారి చూడండి, దయచేసి.

– మోకాలి కోణం రాసుకోండి. మోకాలు చాచి ఉంటే పాదం పైకి తక్కువ వంగుతుంది.

– ఆరోగ్యవంతుల్లో పాదం పైకి సుమారు 20, కిందికి 50 డిగ్రీలు వంగుతుంది. పక్షవాతం వచ్చినవారికి యంత్రంలో ఆ హద్దులు పెట్టకూడదు. ముందు చేత్తో మెల్లగా కదిపి, నొప్పి మొదలయ్యేలోపే హద్దు పెట్టండి.

– మొదట నెమ్మదిగానే. వేగం పెరిగితే బిగుసుకున్న కండరం ఇంకా బిగుస్తుంది.