బయటి దేశం నిపుణుణ్ని పార్కుకు పిలుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

నేషనల్ పార్కు మేనేజ్‌మెంట్ బాగుపడాలంటే విదేశీ నిపుణుల్ని పిలవాలి అనగానే అందరూ ఒకే చోట మొదలుపెడతారు: ఎవర్ని పిలుద్దాం, ఎప్పుడు, డబ్బు ఎవరిస్తారు. వాళ్లొస్తారు, రెండు రోజులు మీటింగులు, ఒక రోజు జీపులో తిప్పడం, గ్రూప్ ఫోటో, ఆర్నెల్లకి రెండొందల పేజీల రిపోర్టు. రిపోర్టు బీరువాలోకి పోతుంది, గార్డు ఎప్పటిలాగే పాత దారిలోనే గస్తీకి పోతాడు. కాబట్టి మొట్టమొదట ఈ ప్రశ్నకు జవాబు రాసుకోండి: నిపుణుడు వెళ్లిపోయిన ఏడాదికి మన స్టాఫ్‌లో ఎవరికి ఏ పని సొంతంగా చేయడం వచ్చి ఉండాలి? పేర్లతో రాయండి. పేర్లు తోచకపోతే ఇంకా పిలిచే టైం రాలేదన్నమాట.

తర్వాత సమస్యను ఒక్క పేజీలో పెట్టండి. "జీవవైవిధ్య పరిరక్షణ బలోపేతం" అని రాస్తే ఎంత గొప్ప నిపుణుడైనా చేసేదేం లేదు. "దక్షిణం వైపు మూడు బీట్లలో ఉచ్చులు పెరుగుతున్నాయి, రోజూ తిరుగుతున్నాం కానీ ఎక్కడ వెతకాలో తెలియట్లేదు" అని రాస్తే సగం పని అయిపోయినట్టే. ఎక్కడ వెనకబడ్డామో మనకే స్పష్టంగా లేకపోతే ప్రపంచ బ్యాంకు, వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి తయారుచేసిన మెట్ అనే ప్రశ్నావళి ఉంది, పార్కు నిర్వహణ ఎంత బాగుందో చూసుకోవడానికి, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి. ఆఫీసులో ఒక్కరే కూర్చుని పూర్తిచేయకండి, గార్డుల్ని, పార్కు చుట్టుపక్కల ఊళ్లవాళ్లని కూడా కూర్చోబెట్టండి. అన్నిటికీ 3 వేసుకుంటే మరి నిపుణుడెందుకో ఆయనే అడుగుతాడు!

ఇప్పుడు మనిషిని వెతకడం. పెద్ద పేరున్నవాళ్ల వెంట పడకండి, మన సమస్యే ఇంతకుముందు ఎవరికొచ్చిందో వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఈక్వెడార్ దేశంలోని గాలపాగోస్ దీవుల సంగతే చూడండి. మనుషులు తెచ్చి వదిలిన మేకలు అడవి మేకలైపోయి పచ్చదనమంతా తినేస్తుంటే పెద్ద తాబేళ్లకు తిండి కరువైంది. దీవుల మీద నుంచి ఎలుకల్ని, మేకల్ని తొలగించడంలో న్యూజిలాండ్ వాళ్లది చాలా ఏళ్ల అనుభవం, అందుకని అక్కడి నుంచి మనుషులు వచ్చారు. 1997 నుంచి 2006 దాకా నడిచిన ఆ ప్రాజెక్టులో లక్షకు పైగా మేకల్ని తొలగించారు. హెలికాప్టర్లతో చాలావరకు పోయాయి, చివరికి దాక్కున్నవాటితోనే అసలు తిప్పలు. మేకలు ఒంటరిగా ఉండలేవు కదా, అందుకని కొన్నిటికి రేడియో కాలర్ కట్టి వదిలితే అవే వెతుక్కుంటూ పోయి మిగతావాటి జాడ చూపించాయి. చదవడానికి కాస్త క్రూరంగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. అయితే మనం గమనించాల్సింది, వచ్చినవాళ్లు తామే వేటాడి వెళ్లిపోలేదు, పార్కు రేంజర్లకు నేర్పించారు. ఆ విద్య దీవుల్లోనే ఉండిపోయింది.

నిపుణుల్ని వెతకడానికి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ కింద రక్షిత ప్రాంతాల ప్రపంచ కమిషన్ ఉంది, అందులో వాలంటీర్లుగా పనిచేసే నిపుణులు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్ల మార్గదర్శకాలు ఉచితంగా దొరుకుతాయి. ఆ పుస్తకాలు చదివితే సగం ప్రశ్నలకు మనిషిని పిలవాల్సిన అవసరమే ఉండదు. సరిహద్దు అవతలి పార్కును కూడా మర్చిపోకండి. పర్వత గొరిల్లాలకు ఉగాండా, రువాండా, కాంగో సరిహద్దులు తెలియవు, అందుకే విరుంగా కొండల్లో మూడు దేశాల వాళ్లూ కలిసి ఒకే పద్ధతిలో లెక్కిస్తారు. రాత్రి పడుకున్న గూళ్ల దగ్గర పేడ సేకరించి జన్యు పరీక్ష చేస్తే ఒకే జంతువును రెండుసార్లు లెక్కపెట్టే గొడవ తగ్గుతుంది. 2015-16 సర్వేలో అక్కడ 604 తేలాయి, 2018లో ఐయూసీఎన్ వాటిని తీవ్ర ప్రమాదం నుంచి ఒక మెట్టు దించింది. ఎవరికి వాళ్లు తమకు తోచిన పద్ధతిలో లెక్కేసుకుని ఉంటే ఆ అంకెను ఎవరూ నమ్మేవారు కాదు.

కాగితాల పని బోరే, కానీ దీని దగ్గరే స్నేహాలు చెడిపోతాయి. రక్తం, వెంట్రుక లాంటి శాంపిళ్లు దేశం దాటాలంటే ఆ జీవి సైటీస్ (అడవి జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారం మీద ఒప్పందం) జాబితాలో ఉన్నప్పుడు పర్మిట్ కావాలి, దానికి తోడు జన్యు వనరుల లాభాలు పంచుకోవడం మీద 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ప్రోటోకాల్ ఉంది, మీ దేశం అందులో ఉంటే ఆ నిబంధనలూ వర్తిస్తాయి, వీటికి నెలలు పట్టొచ్చు కాబట్టి నిపుణుడు విమానం ఎక్కాక మొదలుపెడితే ఇక అంతే. డ్రోన్, శాటిలైట్ ఫోన్ కస్టమ్స్ దగ్గర ఆగిపోకుండా ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఎంవోయూలో మొహమాటం లేకుండా రాయించండి: డేటా ఎవరిది, కాపీ ఎక్కడుంటుంది, అరుదైన జంతువులు తిరిగే చోట్లు బయటపెట్టకూడదు, పేపర్ అచ్చయితే అడవిలో తిరిగి డేటా తెచ్చినవాళ్ల పేర్లు అందులో ఉండాలి.

వచ్చాక మొదటి మూడు రోజులు కాన్ఫరెన్స్ హాలు తాళం తీయకండి. గార్డుతో నడవనివ్వండి, మంచి దుబాసీని పెట్టండి, పై అధికారి పక్కన లేకుండా మాట్లాడుకునే వీలు కూడా ఉండాలి, ఎందుకంటే అసలు కష్టాలు అప్పుడే బయటికొస్తాయి.

ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి: "మీ దగ్గర పనిచేసింది ఇక్కడ ఎందుకు పనిచేయకపోవచ్చు?" 2022లో నమీబియా నుంచి 8, 2023లో దక్షిణాఫ్రికా నుంచి 12 చీతాల్ని మధ్యప్రదేశ్‌లోని కునో పార్కుకు తెచ్చినప్పుడు నిపుణులకు కొరతేం లేదు. అయినా కొన్ని చీతాలకు ఆఫ్రికాలో చలికాలం వచ్చే జూన్-సెప్టెంబరు లెక్కన దట్టమైన బొచ్చు పెరిగింది, ఇక్కడేమో అది ఎండ, వాన, ఉక్క. తడిసిన బొచ్చు, కాలర్ కింద పుండ్లు, వాటిలో పురుగులు, చివరికి కొన్ని చచ్చిపోయాయి. చీతాల గురించి వాళ్లకు తెలియక కాదు, తెలిసిందంతా వాళ్ల రుతువుల్లో తెలిసింది. మీ ఎండ, వాన, రోగాలు, ఊళ్లవాళ్ల అలవాట్లు నిపుణుడికి మీరే పాఠం చెప్పాలి. సలహా నప్పదనిపిస్తే వద్దని కారణంతో చెప్పండి, మంచి నిపుణుడు నొచ్చుకోడు.

ఎన్నాళ్ల కోసం పిలవాలన్నది పనిని బట్టి. కెమెరా ట్రాప్‌లు ఎలా పెట్టాలో నేర్చుకోవడానికి రెండు వారాలు చాలు. పోయిన జంతువుల్ని తిరిగి తేవడమంటే ఏళ్లు. రువాండాలోని అకాగెరాలో 2010 నుంచి ఆఫ్రికన్ పార్క్స్ సంస్థ ప్రభుత్వంతో కలిసి పార్కు నడుపుతోంది, సింహాలు వచ్చింది 2015లో, నల్ల ఖడ్గమృగాలు 2017లో. ముందు కంచె, గస్తీ, చుట్టుపక్కల జనంతో సయోధ్య. ఇదంతా వర్క్‌షాపులో అయ్యే పని కాదు.

నిపుణుడి వెంట ఒక్కరిని పెట్టకండి, ఇద్దర్ని పెట్టండి. ఒకరికి ట్రాన్స్‌ఫర్ వస్తే మళ్లీ మొదటికొస్తాం. పరికరాలు కొనేముందు బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది, రిపేరు ఎవరు చేస్తారు, కాలర్ల శాటిలైట్ చందా ప్రాజెక్టు డబ్బు అయిపోయాక ఎవరు కడతారు, ఇవి తేల్చుకోండి. గస్తీ డేటాకు స్మార్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, చాలా దేశాల పార్కులు వాడుతున్నాయి కాబట్టి సందేహం వస్తే అడగడానికి మనుషులూ దొరుకుతారు.

వెళ్లేముందు రోజు నిపుణుడు మాట్లాడకుండా కూర్చోవాలి, నేర్చుకున్న ఇద్దరూ మొత్తం పని ఆయన ముందు చేసి చూపించాలి. గార్డుల భాషలో పది పేజీల నోట్సు అప్పటికే చేతిలో ఉండాలి. మూడో నెలకొకటి, ఆరో నెలకొకటి వీడియో కాల్ తేదీలు అక్కడే ఖాయం చేసేసి, ఆ కాల్‌లో డైరెక్టరు కాకుండా ఆ ఇద్దరే మాట్లాడేలా చూడండి.